"దేశమంటే మట్టికాదోయ్" నుంచి "విశాఖ ఉక్కు" దాకా: పేరుపడ్డ మాటల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. సెప్టెంబరు 21 గురజాడ జయంతి. ఈ రెండు తేదీల మధ్య విజయనగరంలో ఏ బడికి వెళ్ళినా వక్తృత్వ పోటీల హడావిడే. పిల్లల ప్రసంగాలు దిద్దిపెట్టడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, కొత్తగా ఉద్యోగంలో చేరిన మాస్టార్లు ఏటా అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, అసలు అన్నారా, అంటే ఏమైంది? వాళ్ళు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, నాకు గట్టిగా తెలిసినంత మేరకు జవాబులు రాశాను. ఎవరికి ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దాని దగ్గరికే వెళ్ళి చదువుకోవచ్చు.

## మాట ఎవరిది, ఎక్కడిది

"దేశమంటే మట్టికాదోయ్" గురజాడదా, శ్రీశ్రీదా?

గురజాడ అప్పారావు గారిది. 'దేశభక్తి' అనే గేయంలోని పాదం. 1910 ప్రాంతంలో రాశారు, 1913లో కృష్ణా పత్రికలో అచ్చయింది. శ్రీశ్రీ పుట్టిందే 1910లో. శ్రీశ్రీ గురజాడని గురువుగా చెప్పుకున్నారు, ఆయన కూడా మాత్రాఛందస్సులోనే, అంటే అక్షరం పలికే కాలాన్ని మాత్రల్లో లెక్కపెట్టే నడకలోనే రాశారు. అందుకే చాలామంది ఇద్దరినీ కలిపేస్తారు.

ఒకసారి ఒక కార్యక్రమానికి వెళ్తే వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ మీద ఈ పాదం ఉంది, కింద శ్రీశ్రీ పేరు ఉంది. గురజాడ నడిచిన ఊళ్ళోనే! నిర్వాహకులకి చెబితే, "ఇప్పుడు మార్చే టైం లేదండీ, ఎవరు చూస్తారు" అన్నారు. ముందు వరసలో కూర్చున్న పిల్లలు చూశారు. ఇద్దరు నోటుపుస్తకంలో రాసుకున్నారు కూడా. తప్పు పేరు అలాగే పాకుతుంది. నాకు ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

గురజాడ విజయనగరంలోనే పుట్టారా?

కాదు. 1862 సెప్టెంబరు 21న ఎలమంచిలి దగ్గర రాయవరంలో పుట్టారు. చదువు, ఉద్యోగం, రచన మాత్రం విజయనగరంలోనే. మహారాజా కాలేజీలో పాఠం చెప్పారు, సంస్థానంలో పాత శాసనాలు చదివే పని చూశారు. 1915 నవంబరు 30న పోయారు. ఆయన ఉన్న ఇల్లు ఊళ్ళో ఇప్పటికీ ఉంది. ప్రసంగానికి పేరిచ్చిన పిల్లలు ఒక్కసారైనా వెళ్ళి చూడాలి.

"మనవాళ్ళు వట్టి వెధవాయలోయ్" అని గురజాడ మనల్నే తిట్టారు కదా?

గురజాడ అనలేదు, గిరీశం అన్నాడు. 'కన్యాశుల్కం' నాటకంలో శిష్యుడు వెంకటేశంతో గిరీశం అనే మాట ఇది. గిరీశం ఎవరు? ఇంగ్లీషు ముక్కలు నాలుగు నేర్చుకుని, సంస్కరణ గురించి ఉపన్యాసాలిస్తూ, అప్పులిచ్చినవాళ్ళ నుంచి తప్పించుకు తిరిగే మనిషి. అలాంటివాడి నోట "మనవాళ్ళు" అన్న మాట పెట్టారంటే, ఆ మాట అనేవాణ్ణి కూడా చూడమని చెప్పడమే.

ఇది చిన్న పొరపాటు కాదు. పాత్ర మాటని రచయిత మాటగా చెబితే అర్థమే తిరగబడుతుంది. టీవీ చర్చల్లో మన జాతి మీద విసుగొచ్చినప్పుడల్లా "గురజాడ ఏనాడో అన్నాడు" అని మొదలుపెడతారు. గురజాడ తన పేరు మీద చెప్పిన మాట 'దేశభక్తి' గేయంలో ఉంది. అందులో తిట్టు లేదు, పని చెయ్యమన్న పోరు ఉంది. కాబట్టి నాటకంలోని వాక్యం ఎత్తితే పాత్ర పేరు కూడా చెప్పండి. "కన్యాశుల్కంలో గిరీశం అన్నట్టు" అంటే చాలు.

"దేశభాషలందు తెలుగు లెస్స" అన్నది మన శ్రీకాకుళంలోనే అంటారు. నిజమేనా?

శ్రీకాకుళమే, కానీ మనది కాదు. కృష్ణా జిల్లా ఘంటసాల దగ్గర, కృష్ణ ఒడ్డున ఇంకో శ్రీకాకుళం ఉంది. అక్కడ ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉంది. శ్రీకృష్ణదేవరాయలు ఆ ఊళ్ళో ఉండగా స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నట్టు 'ఆముక్తమాల్యద' మొదట్లో వస్తుంది. "దేశభాషలందు తెలుగు లెస్స" అన్న ముగింపు ఉన్న పద్యం ఆ సందర్భంలోదే. అంటే కావ్యంలో ఆ మాట చెప్పేది దేవుడు, రాసింది రాయలు.

అంతకన్నా ముందుదిగా చెప్పే 'క్రీడాభిరామం' అనే రచనలోనూ ఇదే పాదం ఉంది. అక్కడ ముందు పాదంలో సంస్కృతాన్ని అన్ని భాషలకీ తల్లి అని, ఆ తర్వాత దేశభాషల్లో తెలుగు మేలైనదని అంటారు. ముందు పాదం తీసేసి వెనక పాదం ఒక్కటే చదివితే పొగడ్త పెద్దదైపోతుంది.

శ్రీకాకుళం పిల్లలకి ఇది చెబితే ముఖం చిన్నబుచ్చుకుంటారు. చిన్నబుచ్చుకోవాల్సిన పనేం లేదు. వ్యావహారిక భాష, అంటే మాట్లాడే తెలుగు, రాతలోకి రావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది ఆ తేదీనే.

బళ్ళో రోజూ చెప్పే ప్రతిజ్ఞ విజయనగరం రాజుగారు రాశారా?

రాసింది రాజుగారు కాదు, పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. నల్గొండ జిల్లా అన్నెపర్తి ఆయన ఊరు. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా "భారతదేశం నా మాతృభూమి, భారతీయులందరూ నా సహోదరులు" అని మొదలయ్యే ప్రతిజ్ఞని తెలుగులోనే రాశారు. తెన్నేటి విశ్వనాథం గారికి చూపిస్తే, ఆయన దాన్ని అప్పటి రాష్ట్ర విద్యామంత్రి పి.వి.జి. రాజు గారికి అందించారు. పి.వి.జి. రాజు గారు విజయనగరం రాజవంశం వారు. రాజుగారి పేరు ఈ కథలోకి వచ్చింది అలాగే. 1965 జనవరి 26 నుంచి దేశమంతా బడుల్లో చెప్పించడం మొదలైంది.

ఇంతమంది పిల్లలు ఇన్నేళ్ళుగా రోజూ నిలబడి చేతులు చాచి చెప్పే మాటలు ఒక తెలుగు ఉద్యోగి కలం నుంచి వచ్చాయి. అయినా చాలా ఏళ్ళు పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరే లేకుండా పోయింది. అసెంబ్లీ నడిపించే మాస్టార్లు ఏడాదికి ఒక్కసారైనా ఆ పేరు మైకులో చెబితే బావుంటుంది.

## మాట జనంలో పడ్డాక

ఎన్నో మంచి మాటలు ఉండగా కొన్నే నోట్లో ఎందుకు నిలిచిపోతాయి?

అర్థం ఒక్కటే సరిపోదు, నడక కావాలి. నెల్లిమర్ల నుంచి వచ్చిన ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి 'దేశభక్తి' గేయం కంఠతా రావట్లేదని టెన్షన్ పడుతోంది. పుస్తకం మూయించి చప్పట్లు కొట్టమన్నాను. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్ళీ మూడు, మళ్ళీ నాలుగు. తకిట, తకధిమి. దేశ-మంటే, మట్టి-కాదోయ్. వట్టి-మాటలు, కట్టి-పెట్టోయ్. ఈసు-రోమని, మనుషు-లుంటే. పది నిమిషాల్లో పాప బల్ల మీద దరువేస్తూ సగం గేయం అప్పజెప్పేసింది.

ఇది గురజాడ కావాలని ఎంచుకున్న నడక. ముత్యాలసరం అని ఆయన పేరు పెట్టుకున్న తీరు ఇదే. పద్యం చదవడం రానివాడికి కూడా కాళ్ళు, చేతులు ఆడే లయ. దాని మీద "ఓయ్" అన్న పిలుపొకటి. వీధి చివర నుంచి స్నేహితుణ్ణి కేకేసినట్టు ఉంటుంది. దేశం గురించి అంత పెద్ద మాటని అంత దగ్గరి పిలుపుతో చెప్పడం వల్లే అది పుస్తకంలో ఉండిపోకుండా నోటికెక్కింది.

"విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యమ నినాదంలో పని చేసింది ప్రాస. ఉక్కు, హక్కు. సగం అనగానే రెండో సగం గుంపే అందుకుంటుంది.

కన్యాశుల్కం చదవనివాళ్ళు కూడా "తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి" అంటారెందుకు?

నాటకం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో బాగా మార్చి పెంచిన రెండో కూర్పు వచ్చింది. అందులో జనం ఇళ్ళల్లో మాట్లాడుకునే భాషే ఉంది గనక వాక్యాలు తిరిగి ఇళ్ళల్లోకే వెళ్ళిపోయాయి. "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అనీ, "నాతో మాట్లాడడమే ఒక ఎడ్యుకేషన్" అనీ అనేవాళ్ళలో ఎంతమంది ఆ పుస్తకం తెరిచి ఉంటారు? మాట సామెత అయిపోయాక పుస్తకంతో పని ఉండదు.

కానీ తాంబూలాల మాట దగ్గర కాస్త ఆగాలి. మనం దాన్ని "నా పని అయిపోయింది, మిగతాది మీ ఇష్టం" అన్న అర్థంలో సరదాగా వాడేస్తాం. నాటకంలో ఆ మాట అన్నది అగ్నిహోత్రావధాన్లు. చిన్నపిల్ల సుబ్బిని డబ్బు పుచ్చుకుని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టడానికి ఒప్పుకున్నాడు. ఇంట్లో భార్య ఏడుస్తోంది, బావమరిది కాదంటున్నాడు. అప్పుడు వాళ్ళ నోరు మూయించడానికి అన్న మాట అది. ఒక పిల్ల బతుకు మీద జరగాల్సిన వాదాన్ని తాంబూలంతో ముగించేశాడు. ఆ సంగతి తెలిశాక నేను ఆ మాటని నవ్వుతూ అనలేకపోతున్నాను. మీరు అనొద్దని కాదు, ఎక్కడ నుంచి వచ్చిందో తెలిసి అనండి.

'దేశభక్తి' గేయంలో ఆ రెండు పాదాలే అందరికీ తెలుసు. మిగతాది ఎందుకు తెలీదు?

తెలిసిన రెండు పాదాలు మనల్ని ఏమీ అడగవు గనక. మిగతావన్నీ అడుగుతాయి.

ఆ చరణం మొత్తం ఇది:

సొంత లాభం కొంత మానుకు
పొరుగువాడికి తోడుపడవోయ్
దేశమంటే మట్టికాదోయ్
దేశమంటే మనుషులోయ్

నాలుగు పాదాల్లో మొదటి రెండూ రాలిపోయాయి. "దేశమంటే మనుషులు" అనడానికి ఖర్చేం లేదు. "సొంత లాభం కొంత మానుకో" అంటే మాత్రం జేబులో చెయ్యి పెట్టినట్టుంటుంది. అసలు ఆ చరణంలో వెనక రెండు పాదాలు ముందు రెండు పాదాలకి కారణం చెబుతాయి. పొరుగువాడికి ఎందుకు తోడుపడాలి? దేశమంటే వాడే కాబట్టి. కారణం ఒక్కటీ మిగిలి, చెయ్యాల్సిన పని పోయింది.

గేయం ఇంకా చాలా చెబుతుంది. తిండి కలిగితె కండ కలదోయ్, కండ కలవాడేను మనిషోయ్ అంటుంది. అంటే దేశభక్తి కంచం దగ్గర మొదలవుతుందని. మతం వేరైతే ఏమోయ్, మనసులు ఒకటైతే చాలదా అని అడుగుతుంది. అన్నిటికన్నా నాకు పదునుగా తగిలేది "దేశాభిమానం నాకు కద్దని వట్టి గొప్పలు చెప్పుకోకోయ్" అన్న పాదం. ఏదైనా ఒక మేలు చేసి జనానికి చూపించమంటుంది. దేశభక్తి ప్రకటనల గురించి దేశభక్తి గేయమే ఇంత సూటిగా చెప్పాక, ఆ గేయంలోంచి ప్రకటనలాంటి పాదం ఒక్కటే ఏరుకోవడం గురజాడకి అన్యాయం.

పోటీకి వెళ్ళే పిల్లలందరికీ నేను చెప్పేది ఒకటే. ఏ పాదం ఎత్తినా దాని పక్క పాదాన్ని కూడా వెంట తీసుకెళ్ళండి.

వ్యావహారిక భాష విషయంలో గురజాడ, గిడుగు అప్పట్లో ఓడిపోయారు కదా, మరి వాళ్ళ మాట ఎలా నెగ్గింది?

నిజమే, ఓడిపోయారు. బడుల్లో, పరీక్షల్లో ఏ తెలుగు రాయాలన్న గొడవ 1910 తర్వాత బాగా ముదిరింది. జయంతి రామయ్య పంతులు గారి వంటి పెద్దలు గ్రాంథికం వైపు, అంటే పాత పుస్తకాల తెలుగు వైపు నిలబడ్డారు. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన కమిటీలో గురజాడ సభ్యుడు. ఎక్కువమంది గ్రాంథికానికే ఓటేస్తే, 1914లో ఆయన తన అసమ్మతిని ఇంగ్లీషులో పెద్ద పత్రంగా రాసి ఇచ్చారు. ఆ మరుసటి ఏడే పోయారు. విశ్వవిద్యాలయం మారలేదు.

గురజాడ, గిడుగు విజయనగరంలో కలిసి చదువుకున్నవాళ్ళు. గురజాడ పోయాక గిడుగు ఇంకో పాతికేళ్ళు ఊరూరూ తిరిగారు, సభల్లో వాదించారు, పండితుల పుస్తకాల్లోంచే వాళ్ళు తప్పనే ప్రయోగాలు తీసి చూపించారు. 1940 జనవరిలో, పోవడానికి కొద్ది రోజుల ముందు, పత్రికలవాళ్ళ ముందు చివరిసారి మాట్లాడారు. గ్రాంథికం కనబడేదే గానీ వినబడేది కాదు, ప్రతిమలాంటిది అన్నారు. ఆయన అడిగింది పత్రికలవాళ్ళనే. మీరు మారితే దారి పడుతుందని.

ఇవాళ ఏ తెలుగు పత్రిక తెరిచినా మాట్లాడే భాషకి దగ్గరగానే ఉంటుంది. ఈ పేజీ కూడా అంతే. కమిటీలో ఓట్లు లెక్కపెట్టి పక్కన పెట్టేసిన మాట, రాసేవాళ్ళ చేతుల్లోంచి నెమ్మదిగా నెగ్గుకొచ్చింది. అసమ్మతి పత్రం రాసి పెట్టకపోతే అది కూడా మనకి తెలిసేది కాదు. మీ బడి కమిటీలోనో ఊరి సభలోనో మీ మాట చెల్లకపోతే కనీసం రాతలో పెట్టించండి.

## మాట వాదంలోకి దిగాక

"విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న నినాదం వల్లే ఫ్యాక్టరీ వచ్చిందా?

నినాదం ఒక్కదాని వల్ల కాదు, కానీ నినాదం లేకుండా ఆ ఉద్యమం అంత పెద్దది అయ్యేదీ కాదు. 1966 అక్టోబరులో టి. అమృతరావు గారు విశాఖపట్నంలో నిరాహారదీక్షకి కూర్చున్నారు. విద్యార్థులు బయటికొచ్చారు. రాష్ట్రమంతా అంటుకుంది. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. ఉద్యమంలో మొత్తం 32 మంది ప్రాణాలు పోయాయని చెబుతారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారం ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు.

నినాదం చేసిన పని ఏమిటంటే, ఒక పరిశ్రమ ఎక్కడ పెట్టాలన్న లెక్కల గొడవని హక్కు గొడవగా మార్చింది. "మాకు ఫ్యాక్టరీ ఇవ్వండి" అంటే అది కోరిక. "మా హక్కు" అన్నాక ఇవ్వనివాడు జవాబు చెప్పుకోవాలి. విశాఖ పేరు ముందు పెట్టి "ఆంధ్రుల" అని ముగించడం వల్ల అనంతపురంలో కుర్రాడికి కూడా అది తన గొడవే అయింది. 2021 జనవరిలో కేంద్రం ప్లాంటులో వాటా మొత్తం అమ్మాలని నిర్ణయించినప్పుడు, కొత్త నినాదం ఎవరూ వెతుక్కోలేదు. యాభై అయిదేళ్ళ పాతది దులిపి పట్టుకున్నారు. మా విజయనగరం నుంచి రోజూ రైలెక్కి డ్యూటీకి వెళ్ళేవాళ్ళ ఇళ్ళల్లో అది పోస్టరు మీద మాట కాదు, నెల జీతం.

నినాదం చెప్పనిది కూడా ఒకటుంది. ప్లాంటు కోసం పదుల ఊళ్ళు ఖాళీ చేశారు. భూమి ఇచ్చిన కుటుంబాల్లో ఉద్యోగం రానివాళ్ళు దశాబ్దాలు తిరిగారు. "ఆంధ్రుల హక్కు" అన్న పెద్ద మాట నీడలో "నిర్వాసితుల హక్కు" అన్న చిన్న మాట చాలాకాలం వినపడలేదు. ప్రసంగంలో మొదటిది చెప్పేవాళ్ళు రెండోది కూడా చెప్పాలి.

ప్రత్యేక హోదా ఇస్తామని పార్లమెంటులోనే అన్నారు కదా, మరి ఎందుకు రాలేదు?

అన్న మాటకీ, చట్టంలో రాసిన మాటకీ తేడా ఉంది గనక. 2014 ఫిబ్రవరి 20న రాష్ట్ర విభజన బిల్లు మీద రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్, ఆంధ్రప్రదేశ్‌కి అయిదేళ్ళు ప్రత్యేక హోదా ఇస్తామని ప్రకటన చేశారు. పునర్విభజన చట్టం పాఠంలో మాత్రం ఆ మాట లేదు. తర్వాత ప్రభుత్వం మారింది. 2016లో కేంద్రం హోదాకి బదులు ప్రత్యేక సాయం అంది.

అక్కణ్ణుంచి వాదమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. ప్రధాని సభలో ఇచ్చిన మాటకి విలువెంత? ఒక పక్కవాళ్ళు "పార్లమెంటు సాక్షిగా అన్నారు" అంటారు, ఇంకో పక్కవాళ్ళు "చట్టంలో చూపించండి" అంటారు. ఎవరి వైపు ఉన్నా, పిల్లలు నేర్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. బహిరంగంగా చెప్పిన మాట విన్నప్పుడు అది ప్రసంగమా, ప్రకటనా, ఉత్తర్వా, చట్టమా అని మొదట అడగాలి. చట్టమైతే కోర్టుకెళ్ళి అడగొచ్చు. ప్రకటన అయితే అన్నవాళ్ళని నిలదియ్యడం ఒక్కటే దారి.

మనది వెనకబడిన జిల్లా అని ప్రసంగంలో చెప్పొచ్చా?

చెప్పొచ్చు, దేనిలో వెనకబడిందో కూడా చెబితే. ఈ మాటకి రెండు ముఖాలున్నాయి. పునర్విభజన చట్టంలో రాయలసీమతో పాటు ఉత్తరాంధ్రని కూడా వెనకబడిన ప్రాంతంగా గుర్తించి ప్రత్యేక సాయం గురించి రాశారు. అక్కడ ఆ మాట నిధులు తెచ్చే మాట. అదే మాట హైదరాబాదులో పనికెళ్ళిన శ్రీకాకుళం కుర్రాడి మీద పడితే చులకన చేసే మాట. కాగితం మీద ప్రాంతానికి పెట్టిన పేరు మనిషికి అంటుకుంటుంది.

నాగావళి, వంశధార పారే జిల్లాని ఊరికే "వెనకబడింది" అని వదిలెయ్యకండి. వలస ఎందుకు వెళ్తున్నారు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు అంతమందికి ఎందుకు ఉంది, ఆస్పత్రి ఎంత దూరం, ఇలా విడివిడిగా చెప్పండి. విడివిడిగా చెబితే ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది. "వెనకబడింది" అంటే జాలిపడి ఊరుకుంటారు. గురజాడ కూడా "మందగించక ముందు అడుగేయి, వెనకపడితే వెనకేనోయ్" అన్నారు. ఆ వెనకపాటు నడక ఆపినవాడిది, పుట్టిన ఊరిది కాదు.

బడ్జెట్ ప్రసంగంలో గురజాడని తలిచారు కదా, మనం సంతోషించాలా?

2025 ఫిబ్రవరి 1న ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ "దేశమంటే మట్టికాదోయ్" పాదాన్ని లోక్‌సభలో చదివారు. ఆ రోజు మా ఊళ్ళో చాలామంది ఫోన్లలో ఆ ముక్క ఒకరికొకరు పంపుకున్నారు. నేనూ సంతోషించాను, అందులో తప్పేముంది. కానీ ఆ మాట ఏ పార్టీవాళ్ళు ఎత్తినా నేను ఒకే కొలత పెడతాను. దేశమంటే మనుషులన్నాక, ఆ లెక్కల్లో మనుషులకి ఏం దక్కిందని చూడాలి. పాదం చదివినవాళ్ళే ఆ కొలతని మన చేతికిచ్చారు.

వాదన మధ్యలో ఎవరైనా నినాదం విసిరితే ఏం చెప్పాలి?

దానికి ఎదురు నినాదం ఇవ్వకండి. "దాని అర్థం ఈ విషయంలో ఏమిటో చెప్పండి" అని నెమ్మదిగా అడగండి. చెప్పగలిగితే వాదం ముందుకెళ్తుంది.

## ఆ మాట మనం ఎత్తుకునేటప్పుడు

వాట్సాప్‌లో వచ్చిన కొటేషన్ నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

మూడు అడగండి. ఏ పుస్తకం లేదా ఏ సభ? ఏ ఏడు? మొదట ఏ భాషలో? మూడింటిలో ఒక్కదానికీ జవాబు దొరక్కపోతే పేరు పెట్టకుండా "ఒక మాట ఉంది" అని చెప్పండి, అంతే.

పేరు పెద్దదైన కొద్దీ అనుమానం పెరగాలి. లోకమంతా తప్పుగా చెప్పుకునేవి చాలా ఉన్నాయి. రొట్టె లేకపోతే కేకు తినమని ఫ్రాన్సు రాణి మేరీ ఆంటోనెట్ అన్నట్టు ఆధారం లేదు. అలాంటి కథ రూసో అనే రచయిత రాసుకున్న ఆత్మకథలో ఎవరో రాకుమారి పేరు చెప్పకుండా ఉంది, అప్పటికి ఈవిడ చిన్నపిల్ల. "నీ మాటతో ఏకీభవించను, కానీ అనే హక్కు కోసం ప్రాణమిస్తాను" అన్నది ఫ్రెంచి రచయిత వోల్టేర్ వాక్యం కాదు, ఆయన మీద పుస్తకం రాసిన ఈవెలిన్ హాల్ అనే రచయిత్రి 1906లో ఆయన ధోరణిని తన మాటల్లో చెప్పింది. లోకంలో చూడాలనుకున్న మార్పు నువ్వే అవ్వు అన్న వాక్యం గాంధీగారి రచనల్లో ఆ మాటల్లో లేదు. "క్విట్ ఇండియా" అన్న మాటని గాంధీగారికి సూచించింది స్వాతంత్ర్య సమరయోధుడు యూసఫ్ మెహర్ అలీ అని చెబుతారు.

ప్రసంగం కొటేషన్‌తోనే మొదలుపెట్టాలా?

అక్కర్లేదు. పోటీకొచ్చిన ఇరవై మందీ "దేశమంటే మట్టికాదోయ్ అన్నాడు మహాకవి" అని మొదలుపెడితే న్యాయనిర్ణేతలు ఏం వింటారు? మీరు చూసిన ఒక సంగతితో మొదలుపెట్టండి. వానాకాలం మీ బడి దారి ఎలా ఉంటుందో చెప్పండి. ఆ తర్వాత పాదం చెబితే దానికి కాళ్ళొస్తాయి.

వేదిక మీద మన యాసలో మాట్లాడితే మార్కులు తగ్గుతాయా?

కొన్నిచోట్ల తగ్గిస్తారు, అది అన్యాయం. "ఏటి", "ఎలగ", "ఒగ్గేయ్" అంటే నవ్వేవాళ్ళున్నారు. సినిమాల్లో మన యాసని ఎక్కువగా నవ్వించడానికే వాడటం వల్ల ఆ అలవాటు ముదిరింది. ఒకటి మాత్రం నిజం చెప్పుకోవాలి. గిడుగు వారు అడిగింది శిష్టుల వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్ళు మాట్లాడే భాష. ఆ తలుపు తెరుచుకుంది. పల్లెల్లో మాట్లాడే తెలుగు ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. అదే గిడుగు కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లల కోసం వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాశారు. పిల్ల ఇంట్లో మాట్లాడే మాట బడిలో చెల్లాలన్నది ఆయన పట్టు.

నా సలహా ఏమిటంటే, ప్రసంగం మామూలు రాత తెలుగులో నడపండి. అమ్మమ్మ అన్న మాట, రైతు అన్న మాట వచ్చినచోట వాళ్ళు అన్నది అన్నట్టే చెప్పండి, దిద్దకండి. నేను నిర్ణేతగా కూర్చున్నచోట దానికి మార్కు పెరుగుతుంది.

ఇంగ్లీషు కొటేషన్‌ని తెలుగు చేసి చెప్పొచ్చా?

చెప్పండి. మాటకి మాట పేర్చకుండా అర్థం చెప్పి, "ఆ అర్థం వచ్చేలా అన్నారు" అనండి.

బడి గోడ మీద గురజాడ పాదం రాయించాలనుకుంటున్నాం. ఏది రాయిస్తే బావుంటుంది?

"సొంత లాభం కొంత మానుకు" నుంచి నాలుగు పాదాలూ. రెండు పాదాలకే చోటుందంటే మొదటి రెండే రాయించండి, మిగతా రెండూ పిల్లలకి ఎలాగూ వచ్చు. పెయింటరుకి వాట్సాప్ మెసేజ్ చూపించకండి, పుస్తకంలో పేజీ చూపించండి. "మానుకు" అన్నచోట "మానుకొని" అని రాసేస్తారు, దాంతో నడక విరిగిపోతుంది. కింద గురజాడ అప్పారావు, 'దేశభక్తి' అని రెండూ ఉండాలి. నీళ్ళ కుళాయి పక్క గోడ దొరికితే అక్కడే రాయించండి. మధ్యాహ్నం భోజనం ప్లేట్లు కడుక్కోవడానికి పిల్లలు వరసలో నిలబడేది అక్కడే, చదవడానికి టైం ఉంటుంది.